గది తీసుకున్నావని తెలిసింది, ఇక విను

చి. భార్గవికి, పెద్దమ్మ ఆశీస్సులు.

తిరుపతి బైరాగిపట్టెడలో గది అద్దెకి తీసుకున్నావనీ, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం), ఆటిజం, డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్న టీనేజి పిల్లలకి కోచింగ్ మొదలుపెడుతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన కాలనీల్లో ఇలాంటి పిల్లల్ని మొద్దనీ, మొండనీ బెంచీ ఎక్కించిన రోజులున్నాయి. అందుకే గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. బోర్డు మీద "మార్కులు గ్యారంటీ" అని రాయిస్తున్నావట! ముందు ఆ ముక్క చెరిపించు. పని మొదలుపెట్టడం, టైము అంచనా కట్టడం, బ్యాగు సర్దుకోవడం, మధ్యలో వదిలేసినదాన్ని మళ్లీ పట్టుకోవడం, ఇవీ నువ్వు నేర్పేవి. ఎవరికేముందో తేల్చే పని నీది కాదు. మాత్రలు వాడమనీ అనకు, మానమనీ అనకు. అది సైకియాట్రిస్టు చూసుకోవాలి.

గది సంగతి రెండు ముక్కల్లో చెప్తా. ట్యూబులైటు గుయ్‌మంటుంటే మార్చు. అగరుబత్తీ, రూమ్ స్ప్రే వద్దు. ఎదురుగా కాదు, పక్కన కూర్చో. కళ్లలోకి చూడమని అడక్కు. 45 నిమిషాలు చాలు. తలుపు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచు, ఇంట్లోవాళ్లు ఒకరు బయట కూర్చోవాలి. ఏసీ చల్లదనం పోతుందని మూశావో, నేనే వచ్చి తీయిస్తా.

"ఫిజిక్స్ రికార్డు పూర్తి చెయ్యి" అంటే ఈ పిల్లలకి అది ఒక పని కాదు, గోడ. దాన్ని ముక్కలు చెయ్యాలి, మొదటి ముక్క 2 నిమిషాల్లో అయిపోవాలి: బ్యాగులోంచి రికార్డు తీసి బల్ల మీద పెట్టడం. తర్వాత ఏ ప్రయోగమో ఆ పేజీ తెరవడం. తర్వాత హెడ్డింగు మాత్రం రాయడం. పక్కనే ఒక నోటుబుక్కులో రెండు గళ్లు గీయించు, "అనుకున్నది", "పట్టింది" అని. వాడు అరగంట అని రాస్తాడు, గంటన్నర పడుతుంది. నవ్వకు, తిట్టకు. అలాంటి వరసలు ఓ పది పోగయ్యాక వాడి అంచనాని ఎంత పెంచుకోవాలో వాడే చూసుకుంటాడు. గోడకి ముళ్ల గడియారం పెట్టు. డిజిటల్ అంకెల్లో టైము కరిగిపోవడం కనపడదు.

ఇక ఈ పనిలోకి వచ్చిన ప్రతివాళ్లూ పడే గొయ్యి ఒకటుంది. నువ్వు పిల్లాడికి జ్ఞాపకశక్తి అయిపోతావు. పొద్దున్నే మెసేజ్ నువ్వే పెడతావు, టైంటేబుల్ నువ్వే వేస్తావు, రేపు అసైన్‌మెంటు ఉందని నువ్వే గుర్తుచేస్తావు. వాడూ బుద్ధిగా చేస్తాడు. మార్కులు వస్తాయి, అమ్మానాన్నా సంతోషిస్తారు, ఫీజు టైముకి వస్తుంది, కాబట్టి తప్పు జరుగుతోందని ఎవరికీ అనిపించదు. పది అవగానే పిల్లాణ్ణి రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో వేస్తారు. అక్కడ ఫోను ఉండనివ్వరు. ఆ ఒక్కరోజుతో అలారం పోయింది, మెసేజ్ పోయింది, నువ్వూ పోయావు. దసరా సెలవులకి "బాగుపడ్డాడనుకున్నాం, మళ్లీ మొదటికొచ్చాడు" అంటూ వస్తారు. వాడు మొదటికి రాలేదమ్మా. వాడి చేతికి ఏమీ ఇవ్వలేదు, అంతే.

అందుకని మొదటి రెండు వారాలు మాత్రమే సాయంత్రం 7 గంటలకి "రికార్డు తీశావా?" అని నువ్వు అడుగు. తర్వాత రెండు వారాలు అలారం వాడే పెట్టుకోవాలి, నువ్వు 9 గంటలకి ఒక్కసారి కనుక్కో. ఆపైన పని మొదలుపెట్టగానే వాడే నీకొక టిక్కు పంపాలి. రాకపోతే ఆ రోజు అడక్కు, వచ్చే సెషన్లో ఎక్కడ తెగిందో ఇద్దరూ చూడండి. ఒక్క మెట్టు వెనక్కి వెళ్లు, మొదటికి పోవద్దు. మెల్లగా తప్పుకోవాల్సింది నువ్వు. పనిముట్లు ఉండిపోవాలి. మార్కులు వచ్చాయని చెక్‌లిస్టు తీసేయమనే నాన్నలుంటారు. చూపు బాగుందని కళ్లజోడు తీసేస్తామా అని అడుగు. ఆ పనిముట్లు కూడా ఫోను లేకుండా నడిచేవై ఉండాలి: జేబులో పట్టే నోటుబుక్కు, మామూలు చేతిగడియారం, ట్రంకుపెట్టె మూత లోపల అంటించిన చెక్‌లిస్టు. తొమ్మిదో తరగతిలోనే అలవాటు చెయ్యి.

పరీక్ష రాయితీల సంగతి తొమ్మిదిలోనే ఎత్తు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు, ఆ సంగతి తల్లిదండ్రులకి మొదటిరోజే చెప్పు. అదనపు సమయానికి కేంద్ర ప్రభుత్వం లెక్క గంటకి కనీసం 20 నిమిషాలు, అంటే 3 గంటల పేపరుకి ఇంకో గంట. ఇంటర్‌కి బోర్డు వేరు, మళ్లీ అడగాలి. ఇంట్లోనే 4 గంటలు కూర్చుని రాయడం సాధన చేయించు. లేకపోతే టైము చేతిలో ఉండగానే పేపరిచ్చి వచ్చేస్తారు.

గంగమ్మ జాతర వారంలో కొత్త పని మొదలుపెట్టకు. డప్పులకి ఈ పిల్లల్లో కొందరు అల్లాడిపోతారు, నిద్ర ఉండదు.

నాకు రాత్రి నిద్రపట్టనివ్వనిది వేరే ఉంది. ఏ పిల్లాడైనా "బతకడమెందుకు" అంటే దాన్ని మాటవరసకి అన్నాడనుకోకు. ఒంటరిగా వదలకు, అదే రోజు ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి పంపు. మానసిక బాధల్లో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద రాయించు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోక్సో, అంటే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం ప్రకారం ఫిర్యాదు చెయ్యడం నీ బాధ్యత. ఈ రెండూ దాచనని మొదటి సెషన్లోనే పిల్లలకి చెప్పేయ్, తర్వాత మోసం చేశావనుకోకుండా.

తిడుతున్నాననుకోకు పాపా. మొదట నలుగురికి మించి చేర్చుకోకు, వేళకి అన్నం తిను. రాని సెషనుకి ఫీజు తీసుకుంటావా లేదా అనేది ఫారంలో రాయి. గుర్తుపెట్టుకోవడమే కష్టంగా ఉన్న పిల్లలకి మరిచిపోయినందుకు జరిమానా వేయొద్దు. ముందురోజు గుర్తుచేసే బాధ్యత ఇంట్లోవాళ్లదని రాయించుకో. ఆ ఫారం అచ్చు వేయించేలోపు నాకొక కాపీ వాట్సాప్ చెయ్యి, దిద్ది పంపుతా.

మీ పెద్దమ్మ