మారుపేరుతో రాయడం నేరమా?

ప్రశ్న: మా ఊరి మున్సిపాలిటీ పనుల్లో లోటుపాట్ల గురించి ఫేస్‌బుక్‌లో మారుపేరుతో రాస్తున్నాను. ప్రొఫైల్‌కు నెట్‌లో దొరికిన ఎవరో పెద్దాయన ఫొటో పెట్టాను. నేనెవరో కంపెనీ నుంచి తెలుసుకుని కేసు పెడతానని ఒక కాంట్రాక్టరు మెసేజ్ పంపాడు. నేను చేస్తున్నది నేరమా?

జవాబు: మారుపేరుతో రాసినంత మాత్రాన మన దేశంలో నేరం కాదు. వ్యక్తిగత ఖాతాకు నిత్యం వాడే పేరే ఉండాలన్న ఫేస్‌బుక్ నియమం మేరకు మీ ఖాతాను మూసివేయవచ్చు గానీ, అది మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందానికి సంబంధించిన విషయం.

నన్ను కలవరపెట్టింది మీరు మాటవరసకు చెప్పిన ఆ ఫొటో. మారుపేరు వేరు, మరొకరి ముఖం వేరు. ఆ పెద్దాయన ఫిర్యాదు చేస్తే 2021 ఐటీ నియమాల ప్రకారం కంపెనీ ఆ ఖాతాపై గంటల వ్యవధిలోనే చర్య తీసుకోవాలి. మరొకరిగా నటించి ఆన్‌లైన్‌లో మోసగిస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మీకు మోసపు ఉద్దేశం లేదని తేలవచ్చు. కానీ ఆ సంగతి స్టేషన్‌లో కూర్చుని వివరించుకోవలసిన అవసరం మీకెందుకు? ఈ రోజే ఆ ఫొటో తీసేసి ఏ చెట్టు బొమ్మో పెట్టండి.

కాంట్రాక్టరు నేరుగా అడిగితే కంపెనీ మీ వివరాలు ఇవ్వదు. అయితే దర్యాప్తులో ఉన్న పోలీసులు బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద గానీ, కోర్టు గానీ అడిగితే పరిస్థితి మారుతుంది; ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు, లాగిన్ అయిన ఐపీ అడ్రసు (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) తెలిస్తే మీ ఇంటిదాకా రావడం కష్టం కాదు.

ఇక పరువు నష్టం. బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 356 ప్రకారం రెండేళ్ల వరకు శిక్ష ఉన్నా, ఇది పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కాదు, ఆ కాంట్రాక్టరే మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు చేసుకోవాలి. రాసింది నిజమై, ప్రజాహితం కోసమే అయితే మీకు రక్షణ ఉంది, కానీ రెండూ మీరే నిరూపించాలి. కాబట్టి కాలువ పని పూర్తి కాకుండానే బిల్లు చెల్లించారని రాసేముందు ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు దగ్గర పెట్టుకోండి. (ఆ నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు మీ పేరిటే పెడితే మాత్రం మీరెవరో ఆ ఆఫీసులో ముందే తెలిసిపోతుంది.) అభ్యంతరకర సందేశాలకు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏ కింద కేసు అంటూ ఎవరైనా భయపెడితే, ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసిందని చెప్పండి.

కోర్టుకు వెళతాననడం బెదిరింపు నేరం కాదు. చంపుతాననో, కొడతాననో అంటే అప్పుడు బీఎన్‌ఎస్ 351 వర్తిస్తుంది. ప్రస్తుతానికి ఆ మెసేజ్‌ను చెరిపేయకండి, దానికి జవాబూ ఇవ్వకండి.