92.5 వెండితో నగల డిజైన్ చేయవచ్చా, లేక అది చవక సరుకేనా?

నిస్సందేహంగా చేయవచ్చు. 92.5 అంటే వందలో తొంభై రెండున్నర పాళ్లు వెండి ఉన్న మిశ్రమం. బంగారంతో పని చేసేవారి బుర్ర సగం తూకం మీదే ఉంటుంది. వెండి అలా భయపెట్టదు. నచ్చకపోతే మూసలో వేసి కరిగించి మళ్లీ మొదలుపెట్టవచ్చు. మన నగల్లో ఈమధ్య కొత్తదనం అంటూ వచ్చిందంటే అది వెండిలోనే వచ్చిందని నా గట్టి నమ్మకం.

అలాగని 92.5 ప్రతి పనికీ సరిపోతుందని కాదు. ఒకసారి జుంకాల బొమ్మ గీసుకుని, 92.5 తీగ చుట్ట పట్టుకుని కరీంనగర్‌లో వెండి తీగపని చేసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆ పనికి 2007లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆయన నా తీగ కొసను శ్రావణంతో, అంటే చిన్న పటకారుతో పట్టి, చిన్న సున్నాలా చుట్టి వదిలారు. అది మెల్లగా విచ్చుకుంది. “దీనికి పొగరు ఎక్కువమ్మా” అని పక్కన పెట్టేశారు.

తన మేలిమి వెండి తీగ తీశారు. వెంట్రుకంత సన్నటి రెండు పోగులు మెలిపెట్టి, అణిచి చదును చేసినది. అంచు చూస్తే చిన్న చిన్న పళ్లు. దాన్ని చుట్టలు చుట్టి, ఆకు ఆకారపు చట్రంలో సందు లేకుండా కూర్చారు. వెలిగారం, టంకం పొడి చల్లి గొట్టంతో మంట ఊదారు. ఆకు మొత్తం ఎర్రబడింది, టంకం ఒక్కసారి తళుక్కుమంది, ఆ క్షణానే మంట తప్పించారు. ఇంకాస్త ఆగితే టంకంతో పాటు తీగ కూడా ముద్దయిపోయేది.

ఆ పొగరు రాగిది. 92.5లో మిగిలిన ఏడున్నర పాళ్లు సాధారణంగా రాగే. ఉంగరం వంగకుండా, రాయి ఊడకుండా, కడియం సొట్టపోకుండా కాపాడేదీ అదే. కాబట్టి నా పద్ధతి ఇది: చట్రం, కొక్కెం, రాళ్ల పొదుగు 92.5లో, లోపలి అల్లిక మేలిమిలో.

నల్లబడుతుందని భయపడి రోడియం అనే తెల్లటి లోహపు పూత వేయించకండి. అదేమిటో, పూత పడగానే వెండి కాస్తా స్టీలు గిన్నెలా తయారవుతుంది. గాలిలోని గంధకం ఎలాగూ నల్లబరుస్తుంది కదా, మీరే ముందుగా గంధకపు మందుతో నల్లబరిచి, పైభాగాలు మాత్రం మెరుగు పెట్టండి. గాడుల్లో నలుపు నిలిచాకే చెక్కడం కళ్లకు కనిపిస్తుంది. టూత్‌పేస్టుతో తోమమని చెప్పేవాళ్ల మాట వినకండి, గీతలు పడతాయి. ఇక ఎగ్జిబిషన్లలో ‘జర్మన్ సిల్వర్’ కొని వెండి అని మురిసిపోయేవారిని ఏమనాలి? అందులో ఉండేది రాగి, నికెల్, జింకు; వెండి రవ్వంతైనా ఉండదు.

అసలు బాధ లోహంతో కాదు, మనతోనే. మన ఇళ్లలో వెండికి రెండే చోట్లు: కాళ్లు, దేవుడి గది. పట్టీలైనా, కుందులైనా కాటాలో పెట్టి గ్రాము లెక్కన కొంటాం. ఆ పెద్దాయన చేసిన జుంకాలు పెట్టుకుని పెళ్లికి వెళితే మా పిన్ని చూసి అడిగిన మొదటి మాట, “అమ్మితే ఎంత వస్తుందే?” తీగపనిలో బరువే ఉండదు, ఉన్నదంతా పనితనమే. ఇలాంటి లెక్కలతో తీగపనివాళ్ల ఇళ్లలోని పిల్లలు ఈ పనిలోకి ఎందుకు వస్తారు?

అందుకని మీరు మొదలుపెట్టిన రోజునుంచే బిల్లులో వెండి ధర ఒక వరుస, మజూరీ ఒక వరుస వేరుగా రాయండి. మజూరీ వెండి ధరను మించితే మొహమాటపడకండి. తూకం ప్రకారం బేరమాడేవారికి పక్కవీధి వెండి కొట్టు దారి చూపించండి. నేను చేస్తున్నది అదే.