ఇన్‌బోర్డ్ మోటారు పడవ వేగం తగ్గితే ముందు ఏమి చూడాలి?

కృష్ణా నదిలో సోమశిల దగ్గర తిప్పే, ఇంజిన్ లోపలే ఉండే (ఇన్‌బోర్డ్) మీ 22 అడుగుల ఫైబర్ పడవ నిరుటి వరకు గంటకు 35 కిలోమీటర్లు అందుకునేదని, ఇప్పుడు 26 దాటడం లేదని, మెకానిక్ డీజిల్ ఇంజిన్ విప్పాలంటున్నాడని రాశారు. దయచేసి అప్పుడే విప్పించకండి. మీ ప్రశ్నలో ఒక అంకె లేదు. వేగం పెంచే లివరు చివరిదాకా తోసినప్పుడు ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) చూపిస్తోంది? అది తెలియకుండా ఎవరు ఏ రిపేరు చెప్పినా ఊహే.

నాగార్జునసాగర్‌లో మా పడవకు ఇదే జరిగినప్పుడు నేనూ ఆ అంకెను పట్టించుకోలేదు. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పించి హైదరాబాద్ పంపాను. అవి తిరిగివచ్చి బిగించాక కూడా పడవ అంతే నడిచింది. సీజన్‌లో రెండు వారాలు ఒడ్డునే ఉండిపోయింది. చివరికి మిర్యాలగూడలో ట్రాక్టర్ల డీజిల్ పంపులు బాగుచేసే ఒక పెద్దాయనను పిలిచాను. ఆయన ఇంజిన్ ఆపించి, నన్ను లివరు పూర్తిగా తోసి పట్టుకోమని, తాను పంపు పక్కన కూర్చుని టార్చి వేశారు. "ఇటు వచ్చి చూడు నాయనా" అన్నారు. లివరు నుంచి వచ్చే కేబుల్ కదిలించే పంపు మీది మీట, దాన్ని ఆపే స్క్రూకు వెళ్లి తగలాలి. రెండింటి మధ్య చిటికెన వేలి మొన దూరేంత సందు ఉంది. కేబుల్ తొడుగును పట్టి ఉంచే క్లాంపు జారిపోయింది, అంతే. దాన్ని బిగించిన సాయంత్రమే, అంతకుముందు 2,900 దగ్గర ఆగిపోయే ఇంజిన్ 3,550కి వెళ్లింది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, అయిదు నిమిషాలు చాలు. మీరూ దీనితోనే మొదలుపెట్టండి.

ఆ తరువాత ఎప్పటిలాగే మనుషులను, డీజిల్‌ను ఉంచుకుని నీటిలోకి వెళ్లండి. ఫోనులో జీపీఎస్ పెట్టుకుని గాలికి ఎదురుగా ఒకసారి, గాలివాటున ఒకసారి నడిపి సగటు తీయండి. పాత మీటర్లు ఆర్‌పీఎం తప్పు చూపించడం మామూలే. క్రాంకు పుల్లీకి మెరిసే స్టిక్కరు అంటించి, కాంతితో కొలిచే చేతి మీటరుతో సరిచూసుకోండి.

ఇక లెక్క. మీది 3,600 ఆర్‌పీఎం ఇంజిన్, గేరు 2:1 (ఇంజిన్ రెండు చుట్లకు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక చుట్టు), ప్రొపెల్లర్ పిచ్ 16 అంగుళాలు అన్నారు. పిచ్ అంటే ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్, చెక్కలో దిగే మరలాగా, ముందుకు వెళ్లాల్సిన దూరం. షాఫ్ట్ నిమిషానికి 1,800 చుట్లు తిరిగితే గంటకు దాదాపు 44 కిలోమీటర్లు రావాలి. కానీ నీటిలో ప్రొపెల్లర్ కొంత జారి, అంత దూరం వెళ్లదు; ఈ జారుడు తప్పదు. మీకు 35 వచ్చేది, అంటే అయిదో వంతు జారుడు. ఇలాంటి పడవకు అది సహజమే. ఇప్పుడు 26 దగ్గర ఇంజిన్ 2,700 చూపిస్తే లెక్క ప్రకారం 33 రావాలి; జారుడు మళ్లీ అయిదో వంతే. ప్రొపెల్లర్ తన పని చేస్తోంది, ఇంజినే తిరగలేకపోతోంది. 3,600 చూపిస్తూ 26 మాత్రమే వస్తే ఇంజిన్‌ది తప్పు కాదు, దాని శక్తి నీటికి అందడం లేదు.

ఇంజిన్ తిరగలేకపోతుంటే పొగ చూడండి. నల్లగా వస్తే గాలి తక్కువైంది, లేదా బరువు ఎక్కువైంది. ఇంజిన్ గది మూత తెరిచి నడిపి చూడండి (బెల్టుల దగ్గరకు ఎవరినీ రానివ్వకండి). ఆర్‌పీఎం పెరిగితే గాలిదారి మూసుకుపోయినట్టే. పెరగకపోతే అడుగున పట్టిన పాచి, పడవ లోపల చేరిన నీరు చూడాలి. 200 లీటర్ల నీరంటే ముగ్గురు మనుషుల బరువు. పొగ లేకుండానే ఆర్‌పీఎం ఆగిపోతే డీజిల్ సరిగా అందడం లేదు. కేబుల్ సరిగానే ఉంటే ఫిల్టరు మార్చండి, ట్యాంకుకు గాలి వెళ్లే గొట్టం ఊది చూడండి. అప్పటికీ తేలకపోతే ట్యాంకును పక్కనపెట్టి, శుభ్రమైన డీజిల్ ఉన్న క్యాను నుంచి పారదర్శకమైన గొట్టంతో నడపండి. బాగా పరుగెత్తితే లోపం ట్యాంకు వైపుది, గొట్టంలో బుడగలు కనిపిస్తే ఎక్కడో గాలి పీలుస్తోంది. ఇవన్నీ చూశాకే నాజిళ్ల మాట.

ఆర్‌పీఎం ఉండి వేగం లేకపోతే, సోమశిల అన్నారు కాబట్టి నా మొదటి అనుమానం ప్రొపెల్లర్ మీదే. వేసవిలో, నీట మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడేంతగా కృష్ణ తగ్గినప్పుడు, నిన్నటిదాకా లోతున ఉన్న బండలు ప్రొపెల్లర్‌కు అందే ఎత్తుకు వస్తాయి. రెక్క అంచు కొద్దిగా మడతపడినా జారుడు పెరుగుతుంది. చేపల వల చుట్టుకున్నా అంతే. మా షాఫ్ట్‌కు చుట్టుకున్న నైలాన్ దారం వేడికి కరిగి గట్టి ఉంగరంలా అయిపోయింది, హ్యాక్‌సా బ్లేడుతో కోయాల్సివచ్చింది. ప్రొపెల్లర్ శుభ్రంగా ఉంటే షాఫ్ట్ చుట్లను కూడా కొలిపించండి. అవి ఇంజిన్ చుట్లలో సగం కంటే తక్కువుంటే గేరుబాక్సులో క్లచ్ జారుతోంది. ముందు గేరు ఆయిల్ మట్టం చూసి, తరువాతే గేరుబాక్సు దింపించండి.

ప్రొపెల్లర్ చూడటానికి నీటిలోకి దిగేవాళ్లు బ్యాటరీ స్విచ్చి ఆపి, తాళంచెవి తమ దగ్గరే పెట్టుకోవాలి. పడవలో ఇంకొకరు తప్పకుండా ఉండాలి. ఆర్‌పీఎం ఎంత వచ్చిందో, పొగ ఏ రంగులో ఉందో ఇక్కడే రాయండి, మిగతాది చూద్దాం.