స్వగతం మీద వ్యాసం: మీ ప్రశ్నలు, మా జవాబులు

నాటకంలోని స్వగతం, అంటే పాత్ర తనలో తాను చెప్పుకునే మాట మీద విమర్శ వ్యాసం ఎలా రాయాలని ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: షేక్స్పియర్ నాటకం హామ్లెట్ మూడో అంకంలోని 'బతకడమా, చావడమా' స్వగతం మీద వెయ్యి మాటల వ్యాసం రాయమన్నారు. నాలుగు పేజీలు రాసిస్తే 'ఇది సారాంశం, విశ్లేషణ కాదు' అని ఎర్ర సిరాతో రాసి తిప్పి ఇచ్చారు. తేడా ఏందో నాకు అంతుపట్టలేదు. ఎట్టా రాయాల?
– బి.ఏ. విద్యార్థిని, కావలి

జవాబు: తేడా ఒక్క వాక్యంలో పట్టుకోవచ్చమ్మా. 'చస్తే కష్టాలు తీరతాయి, కానీ ఆ తర్వాత ఏముందో తెలియదని హామ్లెట్ భయపడతాడు.' ఇది సారాంశం. నాటకం చదివినవాళ్లెవరూ దీన్ని కాదనరు. ఎవరూ కాదనని మాటను నిరూపించే పని ఉండదు కాబట్టి వ్యాసం ముందుకు కదలదు, కథ చెబుతూ పోతుంది. ఇంకో వాక్యం చూడండి: 'చావు గురించి ఇంత సేపు మాట్లాడిన మనిషి ఒక్కసారి కూడా నేను అనడు.' ఇది నిజమో కాదో పుస్తకం తెరిచి చూసుకోవాలి. నిజమైతే ఎందుకలా అని అడగాలి. ఆ 'ఎందుకు' దగ్గరే విశ్లేషణ మొదలవుతుంది.

నిజంగానే అనడు. ముప్పై మూడు పంక్తుల పాటు 'మనం', 'మనకు', 'ఎవరు భరిస్తారు' అనే మాటలే. తాను ప్రేమించిన ఒఫీలియా కంటబడి ఆమెను పలకరించినప్పుడు గానీ 'నా పాపాలు' అన్న మాట రాదు. తండ్రి హత్య, ఆ హత్య చేసిన పినతండ్రి, పగ ఈ మాటల్లో ఎక్కడా లేవు. పైగా మరణమనే దేశం నుంచి ఏ బాటసారీ తిరిగి రాలేదంటాడు. మొదటి అంకంలో తండ్రి ప్రేతంతో మాట్లాడినవాడే ఈ మాట అంటున్నాడు. ఈ మూడూ పక్కపక్కన పెడితే మీ వాదం తయారవుతుంది: పగ తీర్చుకోవడమనే తన ముందున్న పనిని లోకమంతటి ప్రశ్నగా మార్చి, దాన్నుంచి తప్పుకుంటున్నాడు. దీన్ని ఒప్పుకోనివాళ్లు ఉంటారు. ఇది తప్పుకోవడం కాదు, తన దుఃఖంలో అందరి దుఃఖాన్నీ చూడగలగడం అంటారు. వాళ్ల మాటకూ ఒక పేరా ఇవ్వండి, వ్యాసానికి బలం వస్తుంది.

పని ఇలా మొదలుపెట్టండి. స్వగతాన్ని పంక్తికీ పంక్తికీ మధ్య బాగా ఎడం వదిలి కాగితం మీద రాసుకోండి. గట్టిగా మూడుసార్లు చదవండి. మొదటిసారి, ఊపిరి ఎక్కడ ఆగుతుందో గీత పెట్టండి. రెండోసారి, ఆలోచన మలుపు తిరిగిన చోట సున్నా చుట్టండి. 'చావడం, నిద్రపోవడం' అన్న జంట రెండుసార్లు వస్తుంది. మొదటిసారి అది ఊరట. రెండోసారి నిద్ర వెనకే కల గుర్తొచ్చి భయం పుడుతుంది. మలుపు అక్కడే ఉంది. మూడోసారి సర్వనామాలూ క్రియలూ మాత్రమే చూడండి.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. మనం కర్తను వదిలేసి మాట్లాడతాం. 'భరించాలా, తిరగబడాలా' అంటే ఎవరన్నది చెప్పకుండానే 'నేను' అని వినిపిస్తుంది. అనువాదం చదివి సర్వనామాల మీద వాదం కడితే కూలిపోతుంది. మూలం పక్కన పెట్టుకుని సరిచూడండి.

వెయ్యి మాటల్లో ప్రవేశానికి 100, సందర్భానికి 100 చాలు. స్వగతానికి ముందు రాజు (ఆ పినతండ్రే), ఒఫీలియా తండ్రి పొలోనియస్ చాటున దాక్కున్నారు, ఒఫీలియా చేతికి పుస్తకం ఇచ్చి అక్కడ నిలబెట్టారు అని చెబితే సందర్భం అయిపోయినట్టే. మిగతాది మూడు ఆధారాలకూ ఎదుటివాదానికీ పంచి, ముగింపుకు 80 ఉంచుకోండి. ఉటంకింపు ఒక్కోటి పంక్తికి మించవద్దు. ఒకటి ఇచ్చాక, అందులోని ఏదో ఒక మాటను పట్టుకుని కనీసం రెండు వాక్యాలు రాయలేకపోతే దాన్ని తీసేయండి.

మరో జాగ్రత్త. 1603 నాటి తొలి ముద్రణలో ఈ స్వగతం కథలో ఇంకా ముందే వస్తుంది, మాటలూ వేరు. లారెన్స్ ఒలివియర్ 1948 సినిమాలో ఒఫీలియాతో గొడవ అయ్యాక వస్తుంది. ఫోనులో సినిమా చూసి సన్నివేశాల వరుస రాస్తే తప్పు పడుతుంది. ఏ ముద్రణ చదివారో చెప్పి, అంకం, రంగం, పంక్తి సంఖ్య ఇవ్వండి.

ప్రశ్న: స్వగతం, జనాంతికం, ఏకపాత్రాభినయం – ఈ మాటలన్నీ కలిపేస్తున్నామని మా గైడ్ అంటున్నారు.
– ఎం.ఏ. తెలుగు విద్యార్థి, ఒంగోలు

జవాబు: ధనంజయుడి దశరూపకం అనే సంస్కృత నాటక లక్షణ గ్రంథం పాత్రల మాటలను, రంగం మీద వినేవాళ్లను బట్టి విభజించింది. అందరూ వినేది ప్రకాశం. కొందరే వినేది జనాంతికం, అపవారితం. త్రిపతాక హస్తం (ఉంగరపు వేలు మడిచి మిగతావి చాచిన చెయ్యి) అడ్డుపెట్టి మిగతావాళ్లకు వినబడకుండా మాట్లాడితే జనాంతికం, పక్కకు తిరిగి ఒకరికి రహస్యం చెబితే అపవారితం. ఎవరూ విననిది స్వగతం. సంస్కృత నాటకాల్లో స్వగతం చాలాచోట్ల ఒకటి రెండు వాక్యాలే, పక్కన వేరే పాత్రలు ఉండగానే వస్తుంది. షేక్స్పియర్ పాత్ర ఒంటరిగా నిలబడి చెప్పే దీర్ఘమైన మాటకు కూడా మనం అదే పేరు వాడుతున్నాం. కాబట్టి ఏ అర్థంలో వాడుతున్నారో మొదటి పేరాలోనే చెప్పండి. మేక్బెత్ అయిదో అంకంలో 'రేపు, రేపు' అనే ప్రసంగాన్ని అందరూ స్వగతమనే అంటారు గానీ, రాణి చనిపోయిందని చెప్పిన పరిచారకుడు సేటన్ అక్కడే ఉన్నాడు. అతను వింటున్నాడా అన్నదే ఒక వ్యాసానికి సరిపడే ప్రశ్న. ఏకపాత్రాభినయం ప్రదర్శన పద్ధతి, దాన్ని ఈ లెక్కలోకి తేవద్దు.

ప్రశ్న: కన్యాశుల్కం మొదట్లో గిరీశం మాటలు నవ్వు తెప్పిస్తాయి. హాస్యాన్ని విశ్లేషించవచ్చా?
– ఇంటర్ విద్యార్థి, కోవూరు

జవాబు: తప్పకుండా. అయితే 'హాస్యం ఉట్టిపడుతోంది' అని రాసి వదిలేయకూడదు, నవ్వు ఏ మాట దగ్గర పుట్టిందో చూపాలి. ముందు ముద్రణ సంగతి: 1897 నాటి నాటకాన్ని గురజాడ చాలా మార్చి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. మనం చదివేది ఆ రెండోదే, అదే ఆధారంగా పెట్టుకోండి.

విజయనగరం బొంకుల దిబ్బ మీద గిరీశం ఒంటరిగా ఉన్నాడు. సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర తెచ్చిన ఇరవై రూపాయలు 'డాన్సింగ్ గర్ల్' కింద ఖర్చు పెట్టానంటాడు. ఇంగ్లీషు మాటలు శిష్యుడు వెంకటేశం ముందు గొప్ప కోసమేనని సాధారణంగా రాస్తారు. మరి ఇక్కడ వెంకటేశం ఇంకా రాలేదు, వినేవాడు లేడు. అయినా ఆ మాట ఇంగ్లీషులోనే వచ్చింది. తెలుగులో అంటే తనకే చేదుగా తగిలే పనిని పరభాషలో చుట్టి తనకు తానే ఇచ్చుకుంటున్నాడు. 'ఖర్చు పెట్టాను' అన్న క్రియ కూడా చూడండి. వాడుకున్నాననో కాజేశాననో అనలేదు, లెక్క చెప్పే గుమాస్తాలా అన్నాడు. ఈ రెండు మాటలతోనే రెండు పేరాలు వస్తాయి.

ప్రశ్న: తిరునాళ్లలో హరిశ్చంద్ర కాటి సీను చూస్తూ పెరిగాను. 'ఇచ్చోటనే' పద్యం మీద రాయాలని ఉంది. బలిజేపల్లి గారి కవిత్వ శైలి అని శీర్షిక పెట్టుకున్నాను.
– ఒక ఉపాధ్యాయుడు, చీమకుర్తి

జవాబు: ఆ శీర్షిక మార్చండి. ఆ పద్యం హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది కాదు. గుఱ్ఱం జాషువా 'శ్మశానవాటి' నుంచి నటులు తెచ్చి కాటి సీనులో పాడుతూ వచ్చారు. జనం రెంటినీ ఒకటిగా విన్నారు కనుక ఈ పొరపాటు చాలామంది చేస్తారు. పొరపాటని తెలిశాకే అసలు విషయం కనబడుతుంది.

జాషువా పద్యంలో మాట్లాడేది కవి. శ్మశానంలో నిలబడి ఎవరెవరు ఇక్కడ కలిసిపోయారో తలుచుకుంటాడు. కవి కలం, రాజు అధికార ముద్రిక, లేత ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె – సీసంలోని నాలుగు పాదాలకూ నలుగురు. అక్కడ ఆ రాజు ఎవరైనా కావచ్చు. ఇదే పద్యం కాటికాపరి హరిశ్చంద్రుడి నోట వచ్చేసరికి ముద్రిక పోగొట్టుకున్న రాజు తానే అయిపోతాడు. కొడుకు శవంతో చంద్రమతి రాబోతోంది. నల్లపూసల మాట ఆమెను ముందుగానే పిలిచినట్టుంటుంది. ఒక్క అక్షరం మారకుండా, మాట్లాడే మనిషి మారినందువల్లే లోకసామాన్యమైన మాట సొంత గాయమైంది. హామ్లెట్ సొంత గాయాన్ని లోకం మాటగా మార్చాడు. ఇక్కడ జరిగింది దానికి సరిగ్గా ఎదురు. మీ వ్యాసానికి ఇంతకంటే మంచి వాదం దొరకదని మా నమ్మకం.

పద్యంలో మాట్లాడే స్వగతానికి ఛందస్సు కూడా సాక్ష్యం చెబుతుంది. సీసపాదాల్లో 'ఇచ్చోట' మళ్లీ మళ్లీ వస్తుంది, క్రియలన్నీ జరిగిపోయినవే: కరిగిపోయె, అంతరించె, కలిసిపోయె, నశించె. సీసం కింద వచ్చే చిన్న పద్యం, గీతిలోకి దిగగానే 'ఇది' అని చోటుకు పేరు పెట్టడం మొదలవుతుంది. శివుడు ఆడే రంగస్థలమనీ, మరణదూత ఏలే భస్మసింహాసనమనీ అంటాడు. రంగస్థలం మీద నిలబడిన నటుడు శ్మశానాన్ని రంగస్థలం అంటున్నాడు. సింహాసనం పోయిన రాజు బూడిదను సింహాసనం అంటున్నాడు. గీతిని ఎత్తుగీతి అని వదిలేయకుండా దానికొక పేరా పూర్తిగా ఇవ్వండి.

రాగాలాపన, వన్స్ మోర్ గురించి రాయాలనుకుంటే విడిగా ఒక విభాగం పెట్టి, ఏ ప్రదర్శన చూశారో చెప్పండి. నటుడి గొంతులోని దుఃఖాన్ని పద్యంలోని మాటకు అంటగట్టకండి.

ప్రశ్న: పరీక్షలో నలభై నిమిషాలే ఉంటాయి. ఇదంతా కుదిరేనా?
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: కొంత తగ్గించుకుంటే కుదురుతుంది. ఎనిమిది నిమిషాలు చదివి గుర్తులు పెట్టండి. నాలుగు నిమిషాల్లో వాదం ఒక్క వాక్యంగా, దాని కింద ఆధారాలు మూడు మాటలుగా చిత్తు రాసుకోండి. ఇరవై మూడు నిమిషాలు రాయండి. కవి జననం, బిరుదులతో మొదలుపెడితే అక్కడే ఐదు నిమిషాలు పోతాయి, వాటికి మార్కులు రావు. పంక్తి సరిగా గుర్తులేకపోతే ఉటంకింపు గుర్తులు పెట్టకుండా మీ మాటల్లో చెప్పండి. తప్పు ఉటంకింపు మీద కట్టిన పేరా మొత్తం చెడుతుంది. మిగిలిన ఐదు నిమిషాల్లో ప్రతి పేరా మొదటి వాక్యం మాత్రం చదువుకుంటూ రండి. అవి వరుసగా కథ చెబుతుంటే సారాంశంలోకి జారారన్నమాట. ఆ వాక్యాలు కొట్టేసి, పక్కన ఖాళీలో మీ వాదానికి తగలేలా తిరిగి రాయండి.