అమ్మలుకి, రికార్డింగ్ గది గురించి

అమ్మలూ,

ఉద్యోగం మానేసి వడపళనిలో రికార్డింగ్ గది పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడికి ఒకటే టెన్షన్. నాకు గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. కోడంబాకం స్టూడియోల్లో తల నెరిసినవాణ్ణి, చెప్పకుండా ఉండలేను.

24 బిట్‌లోనే తియ్యి. మీటర్ మైనస్ 12 డీబీ దగ్గరే ఆగాలి. సున్నా దాటి పగిలిన స్వరం మళ్లీ అతకదు. శాంపిల్ రేటు, అంటే ధ్వనిని సెకనుకి ఎన్నిసార్లు కొలవాలన్నది, 44.1 కిలోహెర్ట్జా, 48ఆ అని మొదటిరోజే తేల్చుకో. 44.1లో తీసినదాన్ని 48 అనుకుని ప్లే చేస్తే శ్రుతి సుమారు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. టేకు నడుస్తుండగా ఏసీ ఆపెయ్యి. మే నెలలో మాత్రం మధ్యమధ్య గది చల్లబరచు, వీణ మెట్ల కింద మైనం మెత్తబడుతుంది.

ఇవన్నీ నీకు తెలిసినవే. తెలియాల్సింది మీ నాయనమ్మ టేపు సంగతి. అమ్మ వీణ మీద తోడి రాగం వాయించిన టేపు స్పూల్ ఒకటి ఉండేది. నేను ఊళ్లో లేనప్పుడు నాన్నగారు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించమని ఒక స్టూడియోలో ఇచ్చారు. టేపన్నాక సుయ్‌మని హిస్ ఉంటుంది. అక్కడి కుర్రాడు అది పోవాలని నాయిస్ రిడక్షన్ పెట్టాడు. వాయిద్యం లేని చోట ఒక ముక్క చూపిస్తే, అందులో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో గుర్తుపెట్టుకుని, ఆ మట్టానికి దిగిన ప్రతిదాన్నీ చివరిదాకా అణిచేస్తుంది కదా! కానీ అమ్మ మీటకముందు వినపడేది హిస్ ఒక్కటే కాదు, తంబూరా కూడా. దాన్నీ రొద కిందే జమకట్టేసింది.

అంతకన్నా ఘోరం మీటు తర్వాత జరిగింది. ఒక్కసారి మీటి, నాదం ఆరిపోయేలోగా తీగ లాగుతూ గాంధారాన్ని ఊపుతాం. ఆ ఊపంతా సన్నగిల్లిపోయే నాదంలోనే ఉంటుంది. అది కాస్త తగ్గగానే సాఫ్ట్‌వేర్ కోసేసింది. మిగిలింది నీళ్లలో బుడగల్లాంటి గలగల. అమ్మ చెయ్యి అందులో లేదు. పోనీ టేపు అడుగుదామంటే, ‘ఫైలిచ్చాం కదా’ అని పారేశారట. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

అందుకే ముడి రికార్డింగ్ మీద చెయ్యి వెయ్యకు. శుభ్రం చేసేది కాపీ మీద, అదీ కొద్దికొద్దిగా. తంబూరా పెట్టకముందే ఖాళీ గదిని అరనిమిషం రికార్డ్ చేసి ఉంచుకో. రొద ఏదో యంత్రానికి చూపించడానికి అది పనికొస్తుంది. తంబూరాకి వేరే ట్రాకివ్వు. పాటకి పిచ్ కరెక్షన్ పెట్టమని ఎవరడిగినా తొందరపడకు. తోడి గాంధారం ఒకచోట నిలిచేది కాదు. ఆ సాఫ్ట్‌వేర్ దాన్ని దగ్గరి స్వరస్థానానికి ఈడ్చి బిగించేస్తే రాగమే పోతుంది. డబ్బులిస్తున్నారని ఒప్పుకున్నావో, నేనే వచ్చి తిడతాను.

గది గ్రౌండ్ ఫ్లోరట! 2015 డిసెంబరు వరద చూసి కూడా అది తీసుకున్నావా? కంప్యూటర్, డిస్కులు నేలమీద పెట్టకు, మేకు కొట్టి పైన అర వేయించు. వేళకి తిను, రాత్రి సెషన్లకి ఒప్పుకుంటే ఆటో ఎక్కగానే నాకు మెసేజ్ పెట్టు. రోజు పని అయ్యాక రెండు డిస్కుల్లోకి కాపీ చెయ్యి. రెండోది ఆ గదిలో ఉంచకు, మీ నాన్న నెల్లూరు వచ్చేటప్పుడు ఇచ్చి పంపు. నా బీరువాలో పైఅర ఖాళీ చేశాను.

మీ పెదనాన్న