ఇమ్యునోథెరపీ జరుగుతుండగా ప్రోబయాటిక్స్ వాడొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మూడు వారాలకోసారి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇస్తున్నారు. రెండు డోసులయ్యాయి. మధ్యలో దగ్గు, జ్వరం వస్తే వారం రోజులు యాంటీబయాటిక్స్ వాడారు. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా దెబ్బతింటే ఈ మందు పనిచేయదట కదా! ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ ఇవ్వమంటారా?

జవాబు: సొంతంగా ఇవ్వకండి. మీరు విన్నదాంట్లో నిజం లేకపోలేదు. పెంబ్రోలిజుమాబ్ క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపదు. క్యాన్సర్‌తో పోరాడే రోగనిరోధక కణాలైన టి కణాలకు ఉండే పీడీ-1 అనే బ్రేకును తీసేస్తుంది, అంతే. ఆ కణాలు చురుగ్గా ఉండటానికి కావలసిన సంకేతాల్లో కొన్ని పేగుల్లోని బ్యాక్టీరియా నుంచి అందుతాయి. మందుకు బాగా స్పందించినవారి మలంలో అక్కర్మాన్సియా, బిఫిడోబ్యాక్టీరియం వంటి బ్యాక్టీరియా ఎక్కువగా ఉన్నట్టు 2018లో వచ్చిన అధ్యయనాలు చూపాయి.

చికిత్సకు ముందు నెల రోజుల్లో యాంటీబయాటిక్స్ వాడినవారిలో ఫలితాలు తగ్గిన మాటా నిజమే. అయితే వాళ్లలో చాలామంది అప్పటికే ఎక్కువ జబ్బుగా ఉన్నవారు. కాబట్టి తప్పంతా యాంటీబయాటిక్స్‌దే అనలేం. నిమోనియా ఉంటే యాంటీబయాటిక్ మానకూడదు, మామూలు జలుబుకు వాడకూడదు. నాన్నగారి విషయంలో నాకు అంతకంటే ముఖ్యంగా తోస్తున్నది ఆ దగ్గు. పెంబ్రోలిజుమాబ్ వల్లే ఊపిరితిత్తుల్లో వాపు రావచ్చు, దానికి యాంటీబయాటిక్స్ పనిచేయవు. దగ్గు తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా అదే రోజు ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ డాక్టరుకు) చెప్పండి.

ఇక క్యాప్సూల్స్. వాటిలో ఉండేవి కొన్ని రకాల బ్యాక్టీరియా మాత్రమే. యాంటీబయాటిక్స్ తర్వాత వేసుకుంటే అవే పేగుల్లో తిష్ఠవేసి, సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడాన్ని ఆలస్యం చేసిన దాఖలాలున్నాయి. ఇమ్యునోథెరపీ తీసుకున్న మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగులపై 2021లో వచ్చిన అధ్యయనంలో రోజుకు 20 గ్రాములకు తగ్గకుండా పీచు తిని, ప్రోబయాటిక్స్ వాడనివారిలోనే ఫలితాలు మెరుగ్గా కనిపించాయి.

అందుకే పీచు మీద దృష్టి పెట్టండి. కప్పు ఉడికించిన పప్పుధాన్యాల్లో సుమారు 15 గ్రాములు, తొక్కతో తిన్న యాపిల్‌లో 4 గ్రాములు ఉంటుంది. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది. మూడు నాలుగు రోజులకు 5 గ్రాముల చొప్పున పెంచుతూ నీళ్లు బాగా తాగించండి. పేగుల్లో అడ్డంకి ఉంటే మాత్రం పీచు పెంచొద్దు.

విరేచనాలు మామూలుకంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువైనా, రక్తం పడినా అది పెంబ్రోలిజుమాబ్ వల్ల వచ్చిన పెద్దపేగు వాపు కావచ్చు. దానికి స్టెరాయిడ్లు అవసరం పడొచ్చు. విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర వేసి ఇంట్లోనే ఆపేస్తే అసలు సమస్య మరుగున పడిపోతుంది. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి.