నేల, నీరు, నిప్పు, గాలి, ఖాళీ: సంగీత సందేహాలకు జవాబులు

పంచభూతాల మీద పాట కట్టాలనుకునేవాళ్లు, వాటి పేరు చెప్పుకుని మనసు కుదుటపరచుకోవాలనుకునేవాళ్లు, వాన పడితే డప్పు మోగక తల పట్టుకునేవాళ్లు రాసిన ప్రశ్నలివి. అన్నీ ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: పంచభూతాల మీద ఐదు భాగాల స్వరరచన చేయాలనుకుంటున్నాను. ఏ భూతానికి ఏ రాగం వాడాలి? (రాజమహేంద్రవరం)

జవాబు: ఈ పని ముత్తుస్వామి దీక్షితులు ఎలా చేశారో ముందు చూడండి. పంచభూత లింగాల మీద ఆయన ఐదు కృతులు రచించారు. కంచి ఏకామ్రనాథుడు పృథ్వి, రాగం భైరవి. తిరువానైకావల్ జంబుకేశ్వరుడు నీరు, యమునా కల్యాణి. అరుణాచలం అగ్ని, సారంగ. మన శ్రీకాళహస్తి వాయువు, హుసేని. చిదంబరం ఆకాశం, కేదారం. నిప్పు అనగానే ఉరుకులు పెట్టే రాగం కోసం వెతికేవాళ్లు ఇక్కడ ఆగాలి. సారంగ నెమ్మదిగా, వంపులు తిరుగుతూ నడిచే రాగం. అంటే ఆయన రాగానికి, భూతానికి లంకె వేసి పట్టిక రాసుకోలేదు. భూతాన్ని మాటల్లోకి తెచ్చారు. ‘జంబూపతే’ కృతిలో సముద్రం, గంగ, కావేరి, యమున ఒకే వరుసలో వస్తాయి. అక్కడే రాగం పేరులోని యమున కూడా ఒదిగిపోయింది. ‘శ్రీకాళహస్తీశ’లోనైతే గాలి, ఆకాశం, భూమి, నీరు, అగ్ని ఐదూ ఒకే సమాసంలో ఉన్నాయి.

కాబట్టి భూతం స్వభావంలోంచి ఒక్క గుణం తీసుకుని, దాన్ని నడకగా మార్చండి. నిమిషానికి 60 అక్షరాల (తాళం లెక్కల) ఆదితాళం పెట్టుకుంటే ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు, 8 అక్షరాలు) 8 సెకన్లు. ఒక్కో భాగానికి 15 ఆవర్తనాలు, అంటే రెండేసి నిమిషాలు చాలు. నేల భాగాన్ని మంద్ర (కింది స్థాయి) పంచమం నుంచి మధ్య పంచమం దాకానే తిప్పండి, ప్రతి ఆవర్తనాన్ని షడ్జం మీద దించండి. నీటి భాగంలో అవే స్వరాలను జారుతో కలపండి. వయొలిన్ అయితే కమాను, వీణ అయితే వేలు మధ్యలో ఎత్తకూడదు. నిప్పు భాగం దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు, లయ పెంచేస్తారు. పెంచితే మృదంగం పరుగందుకుంటుంది, తర్వాతి భాగానికి మళ్లీ 60కి దిగడం ఎవరివల్లా కాదు. లయ అలాగే ఉంచి, అక్షరానికి 4 స్వరాలున్న నడకను 6కు మార్చండి. వేడి దానంతట అదే వస్తుంది. గాలికి అనాగత ఎత్తుగడ బాగుంటుంది: తాళం పడ్డాక ఒకటిన్నర అక్షరం ఆగి పల్లవి ఎత్తుకోవాలి.

ఆకాశానికి స్వరాలు తగ్గించండి. కనీసం ఒక పూర్తి ఆవర్తనం తంబూర ఒక్కటే మోగాలి. రాతలో దాన్ని ఖాళీగా వదిలేస్తే పక్కవాద్యం వాళ్లు తప్పకుండా నింపేస్తారు. పాపం, వాళ్ల అలవాటు అది. కాబట్టి ఆ నిశ్శబ్దాన్ని కూడా స్వరలిపిలో రాయండి: ఒక మాత్రకు కామా, రెండింటికి సెమికోలన్. నది హోరు రికార్డింగు వెనక పెట్టాలన్న కోరిక ఉంటే మానుకోండి. హోరులో అన్ని పౌనఃపున్యాలూ ఉంటాయి, తంబూర పైస్వరాలను మింగేస్తుంది.

ప్రశ్న: షడ్జం భూమి, రిషభం నీరు అంటూ ఒక పట్టిక తిరుగుతోంది. దీనికి శాస్త్రాధారం ఉందా? (కరీంనగర్)

జవాబు: స్వరాలు ఏడు, భూతాలు ఐదు. తిరుగుతున్న పట్టికలు ఒకదానితో ఒకటి పొసగవు. 13వ శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరంలో దీనికంటే పనికొచ్చే మాట ఒకటి ఉంది: ‘నాద’ శబ్దంలో నకారం ప్రాణవాయువు, దకారం అగ్ని, రెండూ కలిస్తే నాదం. త్యాగరాజస్వామి సారమతి కృతిలో చెప్పింది కూడా ఈ ప్రాణానలాల కలయికే. ఆ గ్రంథంలోనే 22 శ్రుతులను దీప్త, ఆయత, కరుణ, మృదు, మధ్య అని ఐదు జాతులు చేశారు. ఐదు కనిపించింది కదా అని వాటిని భూతాలకు అంటగట్టనక్కర్లేదు.

ప్రశ్న: ఇంట్లో పింగాణీ గిన్నెలతో పిల్లలకు జలతరంగం చేసి చూపాలి. ఎంత నీళ్లు పోసినా శ్రుతి కుదరడం లేదు. (డాలస్, అమెరికా)

జవాబు: నీళ్లు పోస్తే శ్రుతి దిగుతుందే కానీ ఎక్కదు. మీ ఇబ్బందికి మూలం చాలావరకు ఇదే. కావలసిన స్వరం కంటే ఖాళీ గిన్నె కాస్త పైన పలకాలి, లేకపోతే ఎంత పోసినా లాభం లేదు.

మోహన రాగానికి ఆరు గిన్నెలు చాలు. ముందు ఖాళీ గిన్నెలను తట్టి చూసి, కింది స్వరం నుంచి పై స్వరానికి వరుస పెట్టండి. పెద్దది మీ ఎడమచేతి వైపు, మిగిలినవి అర్ధచంద్రాకారంలో. కింద మడతపెట్టిన తువ్వాలు పరవండి, బల్ల గరగర వినిపించదు. పెద్ద గిన్నె సగం నీళ్లతో పలికిన స్వరాన్ని షడ్జంగా తీసుకోండి. అది 480 హెర్ట్జ్ అనుకుంటే రి 540, గ 600, ప 720, ద 800, పై షడ్జం 960. మీ షడ్జం వేరే అంకె అయితే దాన్ని వరుసగా 9/8, 5/4, 3/2, 5/3, 2తో గుణించండి. ఫోన్‌లో శ్రుతి చూసే యాప్ హెర్ట్జ్ చూపించేదై ఉండాలి. కీబోర్డు స్వరాలు మాత్రమే చూపించేదైతే, ఈ గాంధారం 14 సెంట్లు, దైవతం 16 సెంట్లు తక్కువగా ఉన్నాయని అంటుంది. అది తప్పు కాదు, పట్టించుకోకండి. (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు.)

గిన్నె కంపించేది ఎక్కువగా అంచు దగ్గర, అడుగున దాదాపు కదలదు. అందుకే మొదటి సగం నీళ్లకు శ్రుతి పెద్దగా మారదు, ఆ పైన చెంచాడు పోసినా తేడా తెలుస్తుంది. సగం దాకా గ్లాసుతో, తర్వాత చెంచాతో, చివర మందు చుక్కల గొట్టంతో పోయండి. అంచుకు దగ్గరగా నిండితే నాదం మొద్దుబారి త్వరగా ఆగిపోతుంది. అప్పుడు గిన్నె మార్చడమే మేలు. కుళాయి నీళ్లలో బుడగలుంటే నాదం చస్తుంది, పావుగంట తేరనివ్వండి. ఖాళీ గిన్నె ‘టక్’మని తేలిపోతే కంటికి కనపడని పగులు ఉన్నట్టే. సన్నటి వెదురు పుల్లలతో అంచు మీద తట్టాలి. స్టీలు చెంచా వాడితే అంచు పెచ్చులూడుతుంది. ఫ్యాను కింద పెడితే గంటా రెండు గంటల్లో నీరు ఆవిరై శ్రుతి పైకి జారుతుంది, కొంచెం నీళ్లు దగ్గర పెట్టుకోండి. గమకం (స్వరాన్ని ఊపడం) కావాలంటే, తట్టిన వెంటనే పుల్ల కొసను నీళ్లలో తాకించి తీయాలి. పిల్లలు దీన్ని చిటికెలో పట్టేస్తారు.

ప్రశ్న: వానాకాలం డప్పు కాచినా పది నిమిషాల్లో మళ్లీ మెత్తబడుతోంది. (సూర్యాపేట)

జవాబు: తోలు గాలిలోని తేమ పీల్చి సాగుతుంది. మంట ఆ తేమను లాగితే బిగుస్తుంది. మీరు పెద్ద మంట మీద గబగబా కాస్తున్నట్టున్నారు. అలా చేస్తే పైపొర ఎండుతుంది, లోపలి తేమ అలాగే ఉండి కాసేపటికే తోలంతా పరుచుకుంటుంది. ఎండుగడ్డి లేదా తాటాకు మంట వేసి, మూరెడు ఎత్తున పట్టి తిప్పుతూ నెమ్మదిగా కాచండి. అరచేయి తోలు మీద ఆన్చి ఉంచగలిగేంత వేడి చాలు. సిర్రతో (లావు పుల్లతో) నడిమధ్య, సన్నటి సిటికెన పుల్లతో అంచు కొట్టి చూస్తూ ఉండండి, అంచు ‘కణకణ’ అంటే ఆపేయాలి. ఒకే చోట మంట తగిలితే తోలు గట్టిపడి పెళుసవుతుంది, ఆ చోటే తర్వాత చిరుగుతుంది. కాచిన డప్పును తడి నేల మీద పెట్టకుండా భుజానికే ఉంచుకోండి. ఫైబరు మూత డప్పయితే అసలు మంట దగ్గరికే తేవద్దు.

ప్రశ్న: చలికాలం పొద్దున వేణువు తంబూర కంటే కింద పలుకుతోంది. చెడిపోయిందా? (అరకు)

జవాబు: చెడిపోలేదు. చల్లటి గాలిలో ధ్వని వేగం తక్కువ: 18 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 342 మీటర్లు, 38 దగ్గర 354. లెక్క ప్రకారం తేడా దాదాపు 60 సెంట్లు. ఊదేకొద్దీ శ్వాస గొట్టాన్ని వెచ్చబరుస్తుంది కాబట్టి అంత దూరం పోదు. వాయించే ముందు రంధ్రాలన్నీ మూసి, స్వరం పలకకుండా ఒకటి రెండు నిమిషాలు వెచ్చగా ఊదండి. అప్పటికీ తగ్గితే వేణువును పెదవి మీద కొద్దిగా బయటికి తిప్పండి, శ్రుతి ఎక్కుతుంది. ఎండలో గానీ హీటరు దగ్గర గానీ ఉంచితే వెదురు నిలువునా చీలుతుంది.

ప్రశ్న: నాది వాత తత్వం అన్నారు. వాయువు, ఆకాశం తగ్గడానికి ఏ రాగం వినాలి? రోజూ చేయదగ్గ సాధన ఏదైనా ఉందా? (హైదరాబాద్)

జవాబు: వాతంలో వాయువు, ఆకాశం ఉన్నాయని ఆయుర్వేదం చెబుతుంది. దానికి ఫలానా రాగం మందు అని మేం రాసివ్వం, వైద్యం వైద్యుడి దగ్గరే. సాధన మాత్రం చెప్పగలం, 20 నిమిషాలు చాలు.

శ్రుతి పెట్టె (ఆధార స్వరం ఆగకుండా మోగించే పరికరం) మీ గొంతుకు సరిపోయే శ్రుతిలో పెట్టండి. హార్మోనియం మెట్ల లెక్కలో ఆడవారికి మామూలుగా ఐదు, ఐదున్నర, మగవారికి ఒకటి, ఒకటిన్నర నప్పుతాయి. మొదటి రెండు నిమిషాలు పాడకుండా వినండి. తర్వాత 5 నిమిషాలు షడ్జం ఒక్కటే: 4 సెకన్లు గాలి తీసుకుని 6 సెకన్లు ‘ఆ’కారంలో పాడితే నిమిషానికి 6 శ్వాసలు, మొత్తం 30. భుజాలు పైకి లేస్తున్నాయంటే గాలి పొట్టలోకి దిగడం లేదు. గొంతు పెంచకండి, పక్క గదిలోకి వినిపించక్కర్లేదు. కళ్లు తిరిగినట్టుంటే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. ఉబ్బసం ఉన్నవారు 6 సెకన్ల కోసం బలవంతపడవద్దు, ఎంత వస్తే అంతే.

తర్వాత 10 నిమిషాలు మాయామాళవగౌళ సరళీవరసలు, నిమిషానికి 60 లయలో మూడు కాలాలు: అక్షరానికి ఒకటి, రెండు, నాలుగు స్వరాలు. మూడో కాలంలో రిషభం, దైవతం పైకి జారడం అందరికీ ఉన్నదే. అలా జారితే రెండో కాలానికి దిగి, సరిచేసుకుని మళ్లీ ఎక్కండి. మిగిలిన మూడు నిమిషాలు శ్రుతి కట్టేసి ఊరికే కూర్చోండి. స్నానాల గదిలో సాధన వద్దు. నున్నటి గోడల ప్రతిధ్వని తప్పుల్ని కప్పేస్తుంది. గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, శబ్దం వెనక తోక వినిపిస్తే గోడకో దుప్పటి వేలాడదీయండి.